కప్పులో ఖరీదైనది ఆకా, పాలా? తిరుపతి లెక్కల్లో మామూలు టీ, ప్రీమియం టీ

తిరుపతిలో టీ పొడి ధర గురించి మాట్లాడాలంటే ముందు పాల ధర తేల్చుకోవాలి. ఇంట్లో పెట్టుకునే ఒక కప్పు టీకి 100 మిల్లీలీటర్ల పాలు, దానికి తోడు 50 మిల్లీలీటర్ల నీళ్ళు, చిన్న చెంచా పొడి, రెండు చిన్న చెంచాల చక్కెర పడతాయనుకుందాం. పాలు లీటరు 60 రూపాయలైతే కప్పుకు 6 రూపాయలు. చక్కెర కిలో 45 చొప్పున 8 గ్రాములకు 36 పైసలు. చిన్న చెంచా పొడి దాదాపు రెండున్నర గ్రాములు తూగుతుంది. కిలో 300 రూపాయల పొడి అయితే దానికి 75 పైసలు, 600 రూపాయలదైతే రూపాయిన్నర, 900 రూపాయలదైతే 2 రూపాయల 25 పైసలు. ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలు. అంగడిని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ, కప్పులో పాల వాటా ముందు పొడి వాటా చిన్నదన్న సంగతి మారదు.

నలుగురున్న ఇంట్లో అందరూ రోజుకు రెండు కప్పులు తాగితే నెలకు 600 గ్రాముల పొడి కావాలి. కిలో 300 రకానికి 180 రూపాయలు, 600 రకానికి 360. పాలకు మాత్రం 1,440. అంటే నాసిరకం పొడి నుంచి మంచి పొడికి మారడానికి ఆ ఇంటికి నెలకు పడే అదనపు భారం 180 రూపాయలు. పొడి దగ్గర పొదుపు చేసి, చిక్కదనం కోసం ఖరీదైన ఫుల్ క్రీమ్ పాల ప్యాకెట్ కొనే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ పొదుపు అసలు ఖర్చును ముట్టుకోనే ముట్టుకోదు.

అదే లెక్క ఆర్టీసీ బస్టాండు దగ్గరి టీ అంగడికి వేస్తే తలకిందులవుతుంది. అక్కడ కప్పు చిన్నది, రెండు గ్రాముల పొడి సరిపోతుంది. కిలోకు 300 రూపాయల తేడా అంటే కప్పుకు 60 పైసలు. రోజుకు వెయ్యి కప్పులు పోయే అంగడికి అది 600 రూపాయలు, నెలకు 18,000. ఒక పనివాడి జీతమో, అంగడి బాడుగో అందులో వెళ్ళిపోతుంది. పైగా తెల్లవారుజామున రైలు దిగి అలిపిరి బస్సు కోసం పరుగెత్తే యాత్రికుడికి కావలసింది వేడి, రంగు, తీపి. ఏ తోట ఆకు అని అడిగే తీరిక ఆయనకు ఉండదు. కాబట్టి అంగడివాళ్ళు చవక డస్ట్ (బాగా సన్నటి టీ పొడి) వాడటంలో పిసినారితనం వెతకనక్కరలేదు. ఇంట్లో మాత్రం ఆ కారణం ఏదీ వర్తించదు.

ఇంతకీ మామూలు పొడికీ, ప్రీమియం అని అమ్మేదానికీ తేడా ఎక్కడ పుడుతుంది? మొక్క ఒకటే. అందులో అస్సాం రకం, చైనా రకం అని రెండు ప్రధానమైనవి. అస్సాం రకం పెద్దాకు, ముదురు రంగు, ఘాటు. చైనా రకం చిన్నాకు, చలిని తట్టుకుంటుంది, వాసన ఎక్కువ. డార్జిలింగ్ పాత తోటల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. నీలగిరుల్లో రెండూ, వాటి సంకరాలూ ఉన్నాయి.

కోసిన ఆకును మొదట వాడబెడతారు. తర్వాత నలుపుతారు. నలిగిన ఆకులోని రసం గాలి తగిలి రంగు మారుతుంది. దీన్ని ఫ్యాక్టరీల్లో ఫర్మెంటేషన్ అంటారు గానీ అక్కడ జరిగేది ఆక్సీకరణమే. రంగు సరిపడా వచ్చాక వేడిగాలితో ఆరబెడతారు. నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో టీ దిగుతుంది. ఇంతవరకూ అన్నిటికీ దారి ఒకటే. నలిపే పద్ధతి దగ్గర రెండుగా చీలుతుంది. ఆర్థడాక్స్ పద్ధతిలో ఆకును మెల్లగా మెలితిప్పుతారు. ఆకు పొడవుగా, తీగలా మిగులుతుంది. సీటీసీ పద్ధతిలో పళ్ళున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే ఆకును వాటి మధ్య నుంచి పంపుతారు. ఆకు నలిగి, చినిగి, చిన్న చిన్న గుళికలై వస్తుంది. 1930లలో అస్సాంలో మొదలైన ఈ యంత్రం దేశాన్నంతా టీ తాగించింది. చవకగా, వేగంగా, ఎక్కువ రంగు దిగే టీని ఇచ్చింది అదే. దేశంలో ఏటా పండే సుమారు 130 కోట్ల కిలోల టీలో అత్యధిక భాగం సీటీసీనే. డార్జిలింగ్ మొత్తం కలిపినా కోటి కిలోలు కూడా ఉండదు.

డస్ట్ అనగానే ఊడ్చిన చెత్త అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గోధుమను మర పట్టించి జల్లిస్తే రవ్వ, పిండి వేరుపడ్డట్టు, తయారైన టీని జల్లెడ పడితే సైజును బట్టి గ్రేడులు వేరవుతాయి. అన్నిటికన్నా సన్నటిది డస్ట్. మంచి తోట డస్ట్, నాసి తోట గుళికల టీకన్నా ఎక్కువ ధరకు వేలంలో పోవడం మామూలే. దక్షిణాది మొదటి నుంచీ డస్ట్ తాగే ప్రాంతం. కారణం కాచే పద్ధతిలో ఉంది. బాయిలరు మీద నీళ్ళు మరుగుతుంటే, గుడ్డ సంచిలో పొడి వేసి వేడినీళ్ళు పోసి, క్షణాల్లో చిక్కటి డికాషన్ దించాలి. పొడి ఎంత సన్నగా ఉంటే రసం అంత త్వరగా దిగుతుంది. పొడవాకు ఆ సంచిలో వేస్తే నాలుగు నిమిషాలు ఆగాలి. అంతసేపు ఆగే వరస గాంధీరోడ్డులో ఎక్కడా ఉండదు.

అంటే గ్రేడు సైజును చెబుతుంది, నాణ్యతను చెప్పదు. నాణ్యతను చెప్పేవి వేరే మూడు: ఏ ఆకు కోశారు, ఎప్పుడు కోశారు, ఫ్యాక్టరీలో ఎంత శ్రద్ధ పెట్టారు. రెండాకులు, ఒక మొగ్గ కోస్తే మంచి టీ. తూకం కోసం ముదురాకులు, కాడలు కూడా తెంపితే రంగు తక్కువ, పీచు ఎక్కువ. దేశంలో టీ ఆకు సగానికి పైగా ఇప్పుడు చిన్న రైతుల నుంచే వస్తోంది. వాళ్ళకు కిలో పచ్చి ఆకుకు దక్కే ధర తక్కువైనప్పుడు, మేలైన చిగురు మాత్రమే తెంపడానికి కూలి గిట్టదు. చవక పొడి రుచి వెనక ఈ కూలి లెక్క ఉంది.

కోత కాలం సంగతి ఇంకా ఆసక్తికరం. డార్జిలింగ్‌లో చలికాలం నిద్ర తర్వాత ఫిబ్రవరి చివర్లో వచ్చే తొలి చిగురును ఫస్ట్ ఫ్లష్ అంటారు. లేత రంగు, పచ్చి పూల వాసన. మే, జూన్‌లో వచ్చేది సెకండ్ ఫ్లష్. దీనికి ద్రాక్షపండు లాంటి ప్రత్యేకమైన వాసన వస్తుంది. చిగురు రసాన్ని పచ్చదోమ లాంటి పురుగు పీలిస్తే మొక్క తన రక్షణ కోసం కొన్ని రసాయనాలు పుట్టిస్తుంది, ఆ వాసనకు మూలం అవే. చిత్తూరు వైపు వేరుశనగ రైతు మందు కొట్టి తరిమే పచ్చదోమకు దగ్గరి చుట్టమే అక్కడ ధర పెంచుతోంది. నీలగిరుల్లో డిసెంబరు, జనవరి నెలల చలికి చిగురు నెమ్మదిగా పెరుగుతుంది, వాసన చిక్కబడుతుంది. ఆ శీతాకాలపు ఆర్థడాక్స్ టీ, డార్జిలింగ్ ధరతో పోలిస్తే చాలా చవక. దక్షిణాదివాళ్ళు పక్కనే ఉన్న ఈ టీని పట్టించుకోకుండా ఎక్కడో హిమాలయాల డబ్బా వైపు చూడటం కొంచెం విడ్డూరమే.

ధర ఎంత ఎత్తుకు పోగలదో చూడాలంటే గువాహటి వేలం చూడాలి. 2021 డిసెంబరులో అస్సాంలోని మనోహరి తోట బంగారు మొగ్గల టీ అక్కడ కిలో 99,999 రూపాయలకు పోయింది. రెండు గ్రాముల కప్పుకు 200 రూపాయలు. అది టీ ధర అనడం కన్నా పేరు కోసం పాడుకున్న పాట అనడం సబబు. చాలా కొద్ది ఆకు, మొగ్గలు మాత్రమే చేత్తో ఏరిన పని, పత్రికల్లో వచ్చే వార్త, అన్నీ ఆ అంకెలో కలిసి ఉన్నాయి. మామూలు కొనుగోలుదారుకు దానితో పని లేదు.

పని ఉన్నది మధ్య తరగతి ప్యాకెట్లతో. జెమినీ, చక్రా గోల్డ్, త్రీ రోజెస్, రెడ్ లేబుల్ ఒక మెట్టు. తాజ్ మహల్, టాటా టీ గోల్డ్ ఇంకో మెట్టు. ఇవన్నీ బ్లెండ్లు. ఒక తోట ఆకు ఏ ప్యాకెట్‌లోనూ ఒంటరిగా ఉండదు. వేలాల్లో కొన్న ఎన్నో తోటల సరుకును, ఏడాది పొడుగునా రుచి మారకుండా రుచి చూసే నిపుణులు కలుపుతారు. పై మెట్టు బ్లెండులో అస్సాం మేలురకం సీటీసీ వాటా పెరుగుతుంది, కొన్నిటిలో వాసన కోసం పొడవాకు చేరుస్తారు. టాటా టీ గోల్డ్‌లో కొంత పొడవాకు కలపడం ఆ పద్ధతే. ప్యాకెట్ విప్పి అరచేతిలో పోసుకుంటే గుళికల మధ్య తీగల్లాంటి ఆకులు కంటికే కనపడతాయి. ధరలో ఇంత భాగం ఆకుది. మిగతాది ప్యాకింగు, ప్రకటనలు, పంపిణీదారుల లాభం, 5 శాతం జీఎస్టీ. ప్రీమియం అన్న మాట మాత్రం ఏ గ్రేడు పేరూ కాదు. ఏ కంపెనీ అయినా తన పై మెట్టు సరుకుకు అది తగిలించుకోవచ్చు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. తిరుపతి, చిత్తూరు రెండూ కాఫీ రుచి బాగా తెలిసిన ఊళ్ళు. కాఫీ గింజలు వేయించే అంగడికి వెళ్ళి, చికోరీ ఎంత శాతమో చెప్పి మరీ కలిపించుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ప్యాకెట్ కాఫీ మీద కూడా చికోరీ శాతం అచ్చువేసి ఉంటుంది. అదే మనిషి టీ దగ్గరికి వచ్చేసరికి ప్యాకెట్ రంగు చూసి బుట్టలో వేసుకుంటాడు. డస్టా, ఆకా అన్నది తప్ప టీ ప్యాకెట్ కూడా పెద్దగా ఏమీ చెప్పదు. ఏ ప్రాంతపు ఆకు ఎంత పడిందో మీద రాసి ఉండటం అరుదు.

పాల విషయానికి మళ్ళీ రావాలి, ఎందుకంటే తీర్పు చెప్పేది అవే. నల్ల టీలో రెండు రకాల పదార్థాలు ముఖ్యం. థియాఫ్లావిన్లు మెరుపును, నాలుకకు తగిలే చురుకునూ ఇస్తాయి. థియారుబిజిన్లు ఎర్రటి రంగును, చిక్కదనాన్ని ఇస్తాయి. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వీటిని పట్టుకుంటుంది. అందుకే పాలు పోయగానే వగరు తగ్గుతుంది. మంచి అస్సాం సీటీసీలో ఇవి దండిగా ఉంటాయి కాబట్టి పాలు పట్టుకోగా మిగిలింది కూడా నాలుకకు తెలుస్తుంది. నాసి పొడిలో అవి తక్కువ. పాలు పడ్డాక మిగిలేది రంగు నీళ్ళ రుచి, దాన్ని కప్పడానికి ఇంకో చెంచా పొడి, ఇంకొంచెం చక్కెర. డార్జిలింగ్ ఆకుది మరో సమస్య. దాని గొప్పతనం లినలూల్, జెరానియాల్ లాంటి తేలిగ్గా ఆవిరయ్యే సువాసన పదార్థాల్లో ఉంది. పాలతో కలిపి పొంగించేసరికి అవి వంటింటి గాలిలో కలిసిపోతాయి. కిలో 5,000 రూపాయల ఆకును పాలలో మరిగిస్తే కప్పుకు పన్నెండున్నర రూపాయలు పడుతుంది, 300 రూపాయల పొడికన్నా పలచటి టీ వస్తుంది.

చిత్తూరు సీమ పాడికి ఇంకో ప్రత్యేకత ఉంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో జెర్సీ సంకరజాతి ఆవులు ఎక్కువ. కోస్తా జిల్లాల మాదిరి గేదెపాల మీద ఆధారపడిన ప్రాంతం కాదిది. ఆవుపాలలో వెన్న సుమారు మూడున్నర నుంచి నాలుగు శాతం, గేదెపాలలో ఆరు నుంచి ఏడు. కేసీన్ కూడా గేదెపాలలోనే ఎక్కువ. కాబట్టి ఆవుపాలు వాడే ఇంట్లో మధ్యరకం మంచి పొడి, లేదా పొడవాకు కలిసిన బ్లెండ్ తన రుచి చూపించగలదు. గేదెపాలో, ఆరు శాతం వెన్న ఉన్న ప్యాకెట్ పాలో అయితే ఘాటైన డస్ట్ తప్ప మరేదీ నిలబడదు. అక్కడ పొడవాకు కోసం అదనంగా పెట్టిన డబ్బు వృథా.

నీళ్ళ పాత్ర గురించి ఎవరూ మాట్లాడరు. తిరుపతిలో కొన్ని వీధులకు కళ్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్ళు వస్తాయి, మరికొన్ని ఇళ్ళు బోరు మీదే నడుస్తాయి. బోరు నీళ్ళు గట్టివైతే వాటిలోని కాల్షియం టీ పదార్థాలతో కలిసి పైన సన్నటి తెట్టు కడుతుంది, రంగు మెరుపు పోయి మట్టి రంగుకు దిగుతుంది. పాల టీలో ఇది అంతగా తెలియదు. పాలు లేని టీలో ఖరీదైన ఆకును కూడా మామూలు ఆకులా మార్చేస్తుంది. డబ్బా మార్చే ముందు ఒకసారి క్యాన్ నీళ్ళతో కాచి చూడటం చవకైన పరీక్ష. కొండ మీద మరో చిన్న తేడా: తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు కాబట్టి అక్కడ నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. డస్ట్‌కు ఇది లెక్కలోకి రాదు.

చిత్తూరు బెల్లం వాడే ఇళ్ళకు ఒక మాట. బెల్లం టీ చాలాసార్లు విరిగిపోతుంది, తప్పు పొడిదనో పాలదనో అనుకుంటారు. బెల్లంలోని ఆమ్లం, లవణాలు మరుగుతున్న పాలను విరగగొడతాయి. పొయ్యి ఆర్పాక వేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. రుచి విషయంలో బెల్లానికి ఘాటైన సీటీసీ సరిజోడు. అల్లం, యాలకులు వేసే టీకి కూడా అంతే. మసాలా పడే కప్పులో 900 రూపాయల పొడి, 500 రూపాయల పొడి పక్కపక్కన పెడితే కనిపెట్టడం కష్టం.

ఇంట్లో రెండు ప్యాకెట్లు పోల్చడానికి నిపుణుల పద్ధతినే చిన్నగా అనుసరించవచ్చు. ఐఎస్ఓ 3103 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళకు రెండు గ్రాముల ఆకు, మూతపెట్టి ఆరు నిమిషాలు. వడగట్టాక ముందు పాలు లేకుండా, తర్వాత పాలతో రుచి చూడాలి. వడగట్టిన ఆకు రాగిరంగులో మెరుస్తుంటే మంచి గుర్తు, నల్లగానో ఆకుపచ్చ మచ్చలతోనో ఉంటే తయారీలో లోపం. ఇంకో గుర్తు చాలామందికి వింతగా ఉంటుంది. పాలు లేని మంచి అస్సాం టీ చల్లారాక మసకబారి మీగడ కలిపినట్టు అవుతుంది. థియాఫ్లావిన్లు, కెఫీన్ కలిసి గడ్డకట్టడం వల్ల ఇది జరుగుతుంది. పాడైందని పారబోసేది నిజానికి మేలురకం లక్షణం. ఇలా పోల్చినప్పుడు ఖరీదైన పొడి రెండు గ్రాములతో ఇచ్చే రంగు, చవకది రెండున్నర గ్రాములతో ఇస్తోందేమో కూడా చూసుకోవాలి. కిలోకు ఎన్ని కప్పులు వస్తాయన్న దాన్ని వ్యాపారంలో కప్పేజీ అంటారు. 600 రూపాయల పొడి రెండు గ్రాములతో సరిపోతే కప్పుకు 1 రూపాయి 20 పైసలే అవుతుంది, తేడా ఇంకా కుంచించుకుపోతుంది.

చవక విడి పొడితో అసలు భయం రుచి కాదు, కల్తీ. వాడేసిన ఆకును ఎండబెట్టి రంగు వేసి అమ్మే మోసం కొత్తది కాదు. వడపోత కాగితం మీద చిటికెడు పొడి చల్లి నాలుగు చుక్కల నీళ్ళు పోస్తే, రంగు కలిపిన పొడి వెంటనే మరక వేస్తుంది, అసలు పొడి అలా వేయదు. ఇనుపరజను కోసం అయస్కాంతం తిప్పి చూస్తారు. సీటీసీ రోలర్ల పళ్ళు అరిగి ఇనుము కొద్దిగా కలవడం సహజం కాబట్టి ఆహార భద్రతా నిబంధనలు దానికి ఒక హద్దు పెట్టాయి. అయస్కాంతానికి నాలుగు రేణువులు అంటుకుంటే కంగారు పడనక్కరలేదు, మీసంలా పేరుకుంటే ఆ పొడి వద్దు. నీటిలో కరిగే సారం కనీసం 32 శాతం ఉండాలన్న నిబంధన కూడా ఉంది. అన్ని మెట్ల టీలకూ అదే కొలత, కాబట్టి అది రుచికి హామీ కాదు.

టీ బ్యాగుల ధర చూసేటప్పుడు కిలో లెక్కకు మార్చి చూడాలి. 100 బ్యాగుల డబ్బా 200 రూపాయలైతే, ఒక్కో దానిలో రెండు గ్రాములు కాబట్టి కిలో వెయ్యి రూపాయలు పడ్డట్టు. లోపల ఉండేది మామూలుగా సన్న గ్రేడు టీ. అదనపు డబ్బు సౌకర్యానికే. ప్రీమియం అంటే కెఫీన్ తక్కువ అన్న నమ్మకానికీ ఆధారం లేదు. లేత మొగ్గల్లో కెఫీన్ ముదురాకులకన్నా ఎక్కువే ఉంటుంది.

అసలు ప్రీమియం ఆకు దాని డబ్బుకు న్యాయం చేసేది ఎవరికంటే పాలు, చక్కెర మానేసినవాళ్ళకు. షుగరు వల్లనో బరువు వల్లనో డికాషన్ టీకి మారేవాళ్ళు పట్టణంలో పెరుగుతున్నారు. వాళ్ళు పాత డస్ట్‌నే పాలు లేకుండా కాచుకుని, చేదని ముఖం చిట్లిస్తారు. పాల ఖర్చు ఆరు రూపాయలు మిగిలినచోట ఆకు మీద నాలుగైదు రూపాయలు పెట్టినా కప్పు మొత్తం ధర పెరగదు. కిలో 2,000 రూపాయల నీలగిరి ఆర్థడాక్స్ రెండు గ్రాములకు 4 రూపాయలు. ఆ ఆకునే రెండోసారి కూడా కాచుకోవచ్చు, పలచబడుతుంది గానీ రుచి ఉంటుంది. మరిగించకూడదు. నీళ్ళు మరిగాక దించి, ఒక నిమిషం ఆగి పోసి, మూడు నాలుగు నిమిషాల్లో వడగట్టాలి.

కొనేటప్పుడు 50 గ్రాములో, 100 గ్రాములో చాలు. టీ ఆకు పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటుంది, కర్పూరం, అగరొత్తులు దొంతరలుగా పేర్చిన అంగట్లో తెరిచిన డబ్బాలోంచి తూచి ఇచ్చే ఆకు కన్నా సీలు వేసినదే నయం. డార్జిలింగ్ అని రాసి ఉంటే టీ బోర్డు ముద్ర ఉందా చూడాలి. 2004లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు అక్కడి 87 తోటల ఆకుకే చెల్లుతుంది. ఫస్ట్ ఫ్లష్ అని రాసిన డబ్బా మీద తోట పేరు, కోసిన సంవత్సరం లేకపోతే ఆ ధర పెట్టడానికి కారణం కనపడదు. అదే డబ్బుతో మంచి సీటీసీ కిలోలకు కిలోలు వస్తుంది.